చెరువులు నిండాయి.. చేపలకు చోటేది?

తెలంగాణలో చెరువు చేప ఏటా రెండుసార్లు చర్చకు వస్తుంది. వానలు పడి చెరువులు నిండాక ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను వదిలేటప్పుడు ఒకసారి. ఎండలు ముదిరి నీళ్లు అడుగంటి, ఏదో ఒక చెరువులో చేపలు చచ్చి తేలినప్పుడు మరోసారి. రెండు సందర్భాల్లోనూ మత్స్యకారులు అడిగే ప్రశ్న ఒక్కటే. నీళ్లు పెరిగాయి, ఏటా పిల్లలను పోస్తున్నారు, మరి చేప ఎందుకు నిలవడం లేదు? దీనికి రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. పిల్లల నాణ్యత, లెక్క సరిగా లేవన్నది ఒకటి. మురుగు కలిసి నీరు పాడైందన్నది రెండోది. రెండింటిలోనూ నిజముంది. కానీ మంచి పిల్లలను శుభ్రమైన నీటిలో వదిలినా చేప నిలవని చెరువులుంటాయి. ఎందుకంటే చేపకు ఏడాది పొడవునా ఒకే చోటు సరిపోదు. గుడ్లు పెట్టడానికి ఒక చోటు, పిల్ల ఎదగడానికి ఇంకో చోటు, ఎండాకాలం గట్టెక్కడానికి వేరొక చోటు, వాటి మధ్య తిరగడానికి దారి కావాలి. పదేళ్లుగా సాగిన చెరువుల బాగు నీటి నిల్వను పెంచింది గానీ ఈ చోట్లను లెక్కలోకి తీసుకోలేదు. ఆ లోటును సరిదిద్దే పని మొదలుపెట్టడానికి సిద్దిపేట జిల్లా అన్ని విధాలా తగిన చోటు.

నీటి లెక్క మారిన జిల్లా

2016 అక్టోబరు 11న ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో ఏడాదంతా పారే నది లేదు. కూడవెల్లి వాగు ఎగువ మానేరు వైపు, హల్దీ వాగు మంజీర వైపు పారతాయి. రెండూ వానల మీద ఆధారపడ్డవే. అందుకే ఈ మెట్ట నేలకు గొలుసుకట్టు చెరువులే దిక్కయ్యాయి. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలోని 46,531 చెరువులు, కుంటలను బాగుచేయాలని లక్ష్యంగా పెట్టుకుంది. పూడిక తీశారు, కట్టలు బలపరిచారు, తూములు, మత్తళ్లు మరమ్మతు చేశారు. సిద్దిపేట పట్టణంలోని కోమటి చెరువు మినీ ట్యాంక్‌బండ్‌గా మారి, వేలాడే వంతెనతో, పడవ షికారుతో పట్టణానికి గుర్తింపు తెచ్చింది. ఆ తర్వాత కాళేశ్వరం ఎత్తిపోతల పథకం జలాశయాలు వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో 3 టీఎంసీల రంగనాయక సాగర్, మే నెలలో 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్, 2022 ఫిబ్రవరిలో 50 టీఎంసీల మల్లన్న సాగర్ ప్రారంభమయ్యాయి. ఈ మూడింటి సామర్థ్యమే 68 టీఎంసీలు. 2021 ఏప్రిల్‌లో, నడి ఎండాకాలంలో, హల్దీ వాగులోకి ఎత్తిపోతల నీళ్లు వదిలారు. ఒకప్పుడు బోరుబావుల కరవుకు పేరుపడిన ప్రాంతానికి ఇది సామాన్యమైన మార్పు కాదు.

నీళ్లతో పాటే చేపల విధానమూ మారింది. 2016లో నూరు శాతం రాయితీతో చేపపిల్లల పంపిణీ మొదలైంది. ఎండిపోయే చెరువుల్లో 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాదంతా నీళ్లుండే జలాశయాల్లో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను వదలాలన్నది పద్ధతి. ఈ విధానం వెనుక ఆరు దశాబ్దాలు దాటిన శాస్త్ర చరిత్ర ఉంది. బొచ్చె, రవ్వ, మోసు వంటి పెద్ద చేపలు వరద పారే నదుల్లోనే గుడ్లు పెడతాయి, నిలవ నీటిలో సాధారణంగా పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారాన్ని సూది ద్వారా ఎక్కించి ఈ జాతి చేపలతో గుడ్లు పెట్టించారు. అప్పటిదాకా నదుల్లో ఏరుకునే విత్తనం ఆ తర్వాత హేచరీల్లో తయారైంది. దేశానికి చేప ఆహారాన్ని పెంచిన గొప్ప విజయమది. దాని వెంటే ఒక నష్టమూ వచ్చింది. విత్తనం హేచరీలో దొరుకుతున్నప్పుడు వాగూ చెరువూ కలిసే చోటు ఎలా ఉందో పట్టించుకోవాల్సిన అవసరం మత్స్య విధానానికి కనిపించకుండా పోయింది.

కార్తెల వెంట కదిలే చేప

చేప ఏడాదిని అర్థం చేసుకోవడానికి రైతుకు తెలిసిన కార్తెల లెక్కే చాలు. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో తొలి వరద వాగుల్లోంచి, ఒర్రెల్లోంచి చెరువులోకి దిగుతుంది. నీటిమట్టం పెరగడం, నీరు చల్లబడటం, కొత్త నీటి వాసన చేపను కదిలిస్తాయి. వాలుగ, జెల్ల, పరకలు ప్రవాహానికి ఎదురెక్కి, కొత్తగా మునిగిన గడ్డి నేలల్లో, పొలాల్లో గుడ్లు పెడతాయి. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను పద్ధతి వేరు. అది చెరువు అంచున మోకాలి లోతు నీటిలో, తుంగ, గడ్డి మధ్య చిన్న జాగా శుభ్రం చేసుకుని గూడు కడుతుంది. గుడ్లు నీటిపై తేలుతాయి. అవి పొదిగి, గుంపుగా తిరిగే పిల్లలు కాస్త ఎదిగే దాకా తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. బంగారుతీగ గుడ్లు నీటి మొక్కలకు అంటుకుంటాయి. అంటే వానకాలపు మొదటి రెండు నెలల్లో చెరువులో అతి విలువైన భాగం నడిమధ్య లోతు కాదు, ఎకరాల కొద్దీ పరచుకునే పలుచని అంచు నీరు. అదే మన శికం భూమి. ఎండాకాలంలో పశువులు మేసిన, పేడ పడిన ఆ నేల మునగగానే సూక్ష్మజీవులు పుట్టుకొస్తాయి. పిల్ల చేపలకు తొలి మేత అక్కడే దొరుకుతుంది.

పుబ్బ, ఉత్తర కార్తెల నాటికి చెరువు నిండి, అంచులు పచ్చబడతాయి. పెద్ద చేపల నోటికి చిక్కకుండా చిన్నవి మొక్కల చాటున దాక్కుంటాయి. చలికాలంలో నీరు తేటపడి, యాసంగికి తూములు తెరుచుకున్నాక మట్టం తగ్గుతుంది. చేపలు అంచు వదిలి లోతుకు చేరతాయి. మార్చి నుంచి మే వరకు వచ్చేది గడ్డుకాలం. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరకు మించదు. వేడి పెరిగేకొద్దీ చేపకు ఎక్కువ ప్రాణవాయువు కావాలి, నీరు మాత్రం తక్కువే ఇవ్వగలదు. మురుగుతో నాచు పెరిగిన చెరువులో ఇది ఇంకా ప్రమాదకరం. పగలు ఆ నాచే ప్రాణవాయువును వదులుతుంది, రాత్రంతా అదే తాగేస్తుంది. తెల్లవారుజామున లీటరుకు రెండు మిల్లీగ్రాముల కిందికి పడిపోతే బొచ్చె, రవ్వ నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచి, చచ్చి తేలుతాయి. నేరుగా గాలి పీల్చగల కొర్రమీను, మార్పు తట్టుకుంటాయి. ఎండాకాలం దాటడానికి మిగతా చేపలకు మిగిలే ఆధారం నీడ, లోతు ఉన్న ఒక మడుగు. ఆ ఒక్క చోటు లేకపోతే ఆగస్టులో వదిలిన లక్షల పిల్లలూ ఏప్రిల్‌లో ఆగిపోయే లెక్కే.

బాగుచేతలో పోయిన చోట్లు

ఈ క్రమాన్ని పక్కన పెట్టుకుని చూస్తే మన చెరువుల్లో ఏం పోయిందో స్పష్టమవుతుంది. పట్టణ చెరువుల చుట్టూ నడక దారి కోసం నిలువు గోడ, రాతి పరుపు వచ్చిన చోట పలుచని అంచు మాయమవుతుంది. నీరు గోడకు తగిలి నిలుస్తుంది, కొర్రమీను గూడు కట్టుకునే జాగా ఉండదు. యంత్రాలతో పూడిక తీసినప్పుడు అడుగు అంతా ఒకే మట్టానికి రావడం గానీ, అంచుల్లో నిట్టనిలువు గోతులు ఏర్పడటం గానీ జరుగుతుంది. లోతైన మడుగు, మెల్లగా వాలే ఒడ్డు రెండూ ఒకే చెరువులో ఉండాలన్న ఆలోచన పని అంచనాల్లో కనిపించదు. మత్తడిని నిలువు కాంక్రీటు గోడగా కట్టి, కింద గట్టి నేల పరిస్తే, వరద ఎంత పారినా చేప ఎగబాకలేదు. వాగునూ చెరువునూ కలిపే కాలువలు ప్లాట్లుగా, రోడ్లుగా మారిన చోట వరద పారే దారే ఉండదు. ఇక పట్టణం పెరిగిన చోట కాలువల్లో వరదకు బదులు మురుగు పారుతుంది. ఎండాకాలమంతా కాలువల్లో పేరుకున్న చెత్త, మురుగు తొలి వానకు ఒక్కసారిగా చెరువులోకి దిగుతాయి. చేప గుడ్లు పెట్టే సమయం, నీరు అన్నింటికన్నా పాడయ్యే సమయం ఒకటే కావడం పట్టణ చెరువులకు పట్టిన అసలు జబ్బు. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం సమీపంలోని గండిగూడెం చెరువులో చేపలు మూకుమ్మడిగా చచ్చిపోయిన ఘటనలు ఈ ముప్పు ఎంత దూరం పోగలదో చూపాయి.

కొత్త జలాశయాల సమస్య మరో రకం. మల్లన్న సాగర్, కొండపోచమ్మ సాగర్ ప్రధానంగా కట్టలతో నీటిని పట్టి నిలిపే జలాశయాలు. వాటిలోకి నీరు వచ్చేది మోటార్ల ద్వారా, పోయేది కాలువల ద్వారా. వాగు వరదతో మెల్లగా మునిగే గడ్డి నేలలు ఉండాల్సిన చోట రాతి పరుపు ఉంటుంది. మట్టం పెరగడం, తగ్గడం కార్తెలను బట్టి జరగదు, ఎత్తిపోతల వీలును బట్టి, ఆయకట్టు అవసరాన్ని బట్టి జరుగుతుంది. గుడ్లు అంచున ఉన్న పది రోజుల్లో మట్టం రెండడుగులు తగ్గితే ఆ ఏటి సంతానం ఒడ్డున ఎండిపోతుంది. 2023 అక్టోబరులో కాళేశ్వరం పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాక ఎత్తిపోతల నీరు ఏటా ఒకేలా రాదన్న విషయం కూడా అందరికీ అర్థమైంది. ఇంత పెద్ద జలాశయాల్లో చేపలు, మంచినీటి రొయ్యలు పెంచడం వల్ల ఆదాయం వస్తుంది, అది అవసరం కూడా. కానీ ఏటా బయటి నుంచి పిల్లలను పోస్తేనే చేప ఉండే నీరు, సర్కారు పథకం ఆగిన ఏడాది ఖాళీ అవుతుంది.

నాలుగు వాదనలు, వాటి బలం

ఈ విషయంలో ఎవరి వాదన వారికుంది. పిల్లల పంపిణీని సమర్థించేవారు ఇలా అంటారు: పెద్ద చేపలు ఎలాగూ చెరువులో గుడ్లు పెట్టవు, కాబట్టి అంచు గురించి, దారి గురించి దిగులు దేనికి? ముదిరాజ్, గంగపుత్ర మత్స్యకార కుటుంబాలకు చేతికొచ్చే ఆదాయం బొచ్చె, రవ్వ మీదే ఉంది కదా? ఇందులో సగం నిజం. గుడ్లు పెట్టే విషయం వరకే అది సరి. వదిలిన పిల్లకు దాక్కునే మొక్కలు, ఎండాకాలపు మడుగు లేకపోతే రాయితీ డబ్బు నీళ్లపాలే. పైగా పేదల కూరలోకి వచ్చే పరకలు, జెల్లలు, కొర్రమీనుకు ఏ హేచరీ అక్కర్లేదు, చెరువు అంచు బాగుంటే అవే పుడతాయి. ముల్లుతో సహా తినే చిన్న చేపల్లో కాల్షియం, కొన్నింటిలో ఎ విటమిన్ అధికంగా ఉంటాయి. వీటి దిగుబడి ఏ మత్స్యకార సంఘం లెక్కలోనూ పూర్తిగా ఎక్కదు గనుక అవి తగ్గిపోయిన సంగతీ లెక్కకు రాదు.

నీటిపారుదల ఇంజనీర్లది రెండో వాదన. చెరువు పొలానికి, ఎండాకాలంలో కొంత నీరు మిగల్చాలంటే ఆయకట్టు చివరి రైతు నష్టపోతాడన్నది వారి ఆందోళన. కరవు ఏడాదిలో ఇది కాదనలేని మాట. అయితే చేపకు చెరువంతా నీళ్లు అక్కర్లేదు. తూము మట్టానికి దిగువన తవ్విన మడుగులో నిలిచే నీరు ఎలాగూ పొలానికి పారదు. పూడిక తీసేటప్పుడు ఆ మడుగు ఎక్కడుండాలో ముందే నిర్ణయిస్తే ఆయకట్టుకు నష్టం ఉండదు. మూడో వాదన పట్టణ ప్రజలది. తుంగ, గడ్డి పెరిగితే దోమలు, పాములు, దుర్వాసన వస్తాయని వారి భయం. గుర్రపు డెక్క పరుచుకున్న మురికి చెరువును ఏళ్ల తరబడి చూసినవారికి ఈ భయం సహజమే. కానీ గుర్రపు డెక్క మురుగుకు పుట్టిన కలుపు, ఒడ్డున వేళ్లూనుకున్న తుంగ, జమ్ము నీటిని వడకట్టే మొక్కలు. దోమ పిల్లలను తినే చిన్న చేపలు బతికేదీ వాటి మధ్యే. నాలుగో వాదన ఎదురెక్కే చేపను పట్టుకునే వాళ్లది. మత్తడి కింద, కాలువ మొగదల వలలు, మావులు పెట్టి పట్టే ఆ చేప ఎన్నో ఇళ్లకు వానకాలపు తొలి కూర. గుడ్లతో ఉన్న ఒక్క చేపను పడితే వేల పిల్లలు పోతాయన్నది శాస్త్రం చెప్పే నిజం. అయితే పరిహారం చూపకుండా నిషేధం పెడితే అది కాగితం మీదే మిగులుతుంది.

ఇతర దేశాలు నేర్చిన పాఠం

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. కెనడాలో ఒంటారియో సరస్సు పడమటి కొసన ఉన్న హామిల్టన్ నౌకాశ్రయం ఉక్కు పరిశ్రమ వ్యర్థాలతో, మురుగుతో, చిత్తడి నేలలను పూడ్చడంతో పాడైంది. అమెరికా, కెనడాల మధ్య 1972లో కుదిరిన మహాసరస్సుల నీటి నాణ్యత ఒప్పందం కింద 1987లో ఆందోళనకర ప్రాంతాలుగా గుర్తించిన 43 చోట్లలో అదొకటి. టొరంటో నౌకాశ్రయమూ ఆ జాబితాలో చేరింది. అక్కడి శాస్త్రవేత్తలు నీటిని పరీక్షించడంతో ఆగలేదు. చేపల కడుపులో చిన్న ధ్వని పరికరాలను అమర్చి, నీటి అడుగున వినికిడి యంత్రాలు పెట్టి, ఏ జాతి ఏ నెలలో ఎక్కడుంటోందో ఏళ్ల తరబడి నమోదు చేశారు. టొరంటోలో ఈ పని 2010లో మొదలైంది. వసంతంలో మునిగిన గడ్డి మడుగులకు వచ్చే చేపలు, చలికాలంలో లోతైన ప్రశాంత నీటికి తరలే చేపలు, కాంక్రీటు గోడల పక్కన నిలవని చేపలు వేర్వేరుగా లెక్కకు వచ్చాయి. హామిల్టన్‌లో ఎండాకాలం అడుగు నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయి, చేపలకు మిగిలే చోటు పైపొరకు కుంచించుకుపోతుంది. పటంలో విశాలంగా కనిపించే నీటిలో చేప నిజంగా బతకగల భాగం ఎంత చిన్నదో దీన్నిబట్టి తెలుస్తుంది. టొరంటోలో డాన్ నది మొగను తిన్నని కాలువగా ఉంచకుండా, చిత్తడి నేలలతో కొత్తగా తవ్వి 2024లో నీటిని వదిలారు.

హామిల్టన్‌లోని కూట్స్ ప్యారడైజ్ చిత్తడి నేల మనకు మరింత దగ్గరి పాఠం. అక్కడ మన బంగారుతీగ జాతి చేప బురదను తవ్వి, మొక్కలను పెకిలించి, నీటిని నిత్యం బురదగా ఉంచింది. 1985 నాటికి మొక్కల్లో 85 శాతం పోయాయి. 1990ల మధ్యలో నౌకాశ్రయానికీ చిత్తడికీ మధ్య చేపల దారి కట్టి, పెద్ద బంగారుతీగలను ఆపి, స్థానిక జాతులను లోపలికి వదలడం మొదలుపెట్టారు. ఏ చేపను ఏ నీటిలో పోయాలన్నది కూడా చెరువు ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నేనని దీని అర్థం. మొక్కలు తిరిగి పెంచాలనుకునే చిన్న పట్టణ చెరువుల్లో బంగారుతీగ వాటా తగ్గించాలా అన్నది మన మత్స్యశాఖ ఇకనైనా వేసుకోవాల్సిన ప్రశ్న.

ఆసియా అనుభవం మన చెరువులకు ఇంకా బాగా అతుకుతుంది. శ్రీలంక పొడి ప్రాంతంలో మనలాగే గొలుసుకట్టు చెరువులున్నాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాటిని 2017లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అక్కడి పాత పద్ధతిలో చెరువు ఎగువ అంచున గస్‌గొమ్మన అనే చెట్ల పట్టీ ఉంటుంది. చెరువు పూర్తిగా నిండినప్పుడే అది మునుగుతుంది, ఆ వేళ్ల మధ్య చేపలు గుడ్లు పెడతాయి. పెరహన అనే గడ్డి పట్టీ పూడికను వడకడుతుంది. జపాన్‌లోని బివా సరస్సు కథలో మన జలాశయాలకు హెచ్చరిక ఉంది. అక్కడ ఒడ్డు కట్టలు కట్టి, 1992 నుంచి వరద కాలానికి ముందు జూన్‌లో మట్టం తగ్గించే నిబంధన పెట్టాక, రెల్లు మధ్య పెట్టిన గుడ్లు ఎండిపోసాగాయి. దాన్ని సరిదిద్దడానికి షిగా రాష్ట్రం పొలాల కాలువల్లో మెట్లుమెట్లుగా చిన్న అడ్డుకట్టలు కట్టి, చేపలు వరి మళ్లలోకి ఎక్కి గుడ్లు పెట్టేలా చేసింది. ఆ మళ్ల బియ్యాన్ని చేపల ఊయల పేరుతో విడిగా అమ్ముతున్నారు, రైతుకు గుర్తింపు దక్కుతోంది. కాంబోడియాలో వరి పొలాల మధ్య ఎండాకాలంలో నీరు నిలిచే మడుగులను ఊరి చేపల ఆశ్రయాలుగా ప్రకటించి, ఊరి కమిటీలే కాపాడుతున్నాయి. బంగ్లాదేశ్‌లో బైక్కా బీల్‌ను 2003లో శాశ్వత చేపల అభయారణ్యంగా మార్చారు. దారి మూస్తే ఏమవుతుందో మన దేశంలోనే రుజువుంది. 1975 నాటి ఫరక్కా బ్యారేజీ గంగలో పులస జాతి ఎగువ ప్రయాణాన్ని దెబ్బతీసింది. 1983లో వచ్చిన ఇథాయ్ బ్యారేజీ మణిపూర్ లోక్‌తక్ సరస్సుకు వలస చేపలను దూరం చేసింది.

సిద్దిపేటలో చేయదగ్గ పని

ఈ పాఠాల నుంచి సిద్దిపేటకు తేలే మొదటి పని ఎండాకాలపు మడుగు. గొలుసులోని ప్రతి చెరువులో అక్కర్లేదు. ఒక్కో గొలుసుకు ఒకటో రెండో పెద్ద చెరువులను ఎంచి, తూము మట్టానికి దిగువన లోతు జాగాను ఉంచి, మార్చి నుంచి తొలి వరద దాకా అక్కడ వేట ఆపాలి. తర్వాతి వరదకు గొలుసంతటికీ విత్తనం ఆ మడుగు నుంచే వెళ్తుంది. రెండో పని దారి. మత్తడి మరమ్మతు చేసే ప్రతి చోటా ఒక పక్కన రాళ్లతో మెల్లగా వాలే చిన్న దారి పెట్టాలి. కట్టే సమయంలోనే చేస్తే దీనికి అయ్యే ఖర్చు స్వల్పం, తర్వాత పగలగొట్టి చేస్తే ఎన్నో రెట్లు. మూడో పని అంచు. కోమటి చెరువు వంటి పట్టణ చెరువుల్లో నడక దారి ఉన్న వైపు ఉండనిచ్చి, వరద నీరు దిగే వైపు ఒడ్డును మెల్లని వాలుగా, తుంగ, జమ్ముతో వదిలేయాలి. ములుగులోని అటవీ కళాశాల, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఈ జిల్లాలోనే ఉన్నాయి. ఒడ్డు మొక్కల ఎంపికకు ఇంతకన్నా దగ్గరి నిపుణులు దొరకరు.

నాలుగోది మురుగు. శుద్ధి కేంద్రం ఉన్నా తొలి వాన మురుగు దానికి చిక్కదు, పక్కదారిలో చెరువులోకి దిగుతుంది. అందుకే రోహిణి కార్తెలోగా కాలువల పూడిక, చెత్త తీయడం పురపాలక సంఘాల తప్పనిసరి పని కావాలి. చెరువు ముందర ఒక చిన్న చిత్తడి మడుగులో ఆ తొలి నీటిని ఆపాలి. ప్రాణవాయువును మధ్యాహ్నం కొలిచే అలవాటు మాని తెల్లవారుజామున కొలవాలి. ప్రమాదం ఆ వేళే ఉంటుంది. ఐదోది వేట విరామం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్ర వేట ఆపి, మత్స్యకార కుటుంబాలకు భృతి ఇవ్వడం తెలుగు ప్రజలకు తెలిసిన విధానమే. చెరువు చేపకు అంతకాలం అక్కర్లేదు. తొలి వరద తర్వాత కొద్ది వారాలు, అదీ మత్తడి కింద, కాలువల మొగదల మాత్రమే వేట ఆపితే చాలు. పిల్లల పంపిణీకి పెట్టే డబ్బులో కొంత భాగాన్ని ఈ భృతికి మళ్లించవచ్చు. కొత్త జలాశయాల్లో జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా మట్టాన్ని ఉన్నపళంగా తగ్గించకుండా చూసే నిబంధన ఆరో పని. దీనికి నీరు అదనంగా ఖర్చు కాదు, విడుదల వేళలను సర్దుకుంటే సరిపోతుంది.

వీటన్నింటికీ పునాది తెలుసుకోవడం. కెనడా తరహా ధ్వని పరికరాలు ఖరీదైనవే, ఒకటి రెండు పెద్ద జలాశయాల్లో ప్రయోగంగా పెట్టవచ్చు. చెరువుల్లో మాత్రం మత్స్యకారుల జ్ఞానమే తొలి పరికరం. ఏ కార్తెలో ఏ చేప ఎక్కడ పడిందో, ఎంత పొడవుందో, గుడ్లు ఉన్నాయో లేదో సంఘాలు నెలనెలా రాసిపెడితే, సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విద్యార్థులు, పెబ్బేరులోని మత్స్య కళాశాల వారు దాన్ని పటాలుగా మార్చగలరు. మూడేళ్ల లెక్క చేతికొస్తే ఏ చెరువులో అంచు కావాలో, ఏ చెరువులో మడుగు కావాలో, ఎక్కడ పిల్లలను పోయడం దండగో స్పష్టమవుతుంది. అప్పుడు రాయితీ ప్రతి చెరువుకూ ఒకే కొలతన కాకుండా అవసరాన్ని బట్టి వెళ్తుంది.

ఇందులో ఇబ్బందులు లేకపోలేదు. శికం అంచును కాపాడాలంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తి నీటిమట్టం) హద్దులు తేల్చాలి, ఆక్రమణల జోలికి వెళ్లాలి, అది రాజకీయంగా కష్టమైన పని. ఒడ్డు పచ్చగా కనిపిస్తే శుభ్రం చేయలేదని ఫిర్యాదులు వస్తాయి. మొదటి రెండేళ్లు దిగుబడిలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. శాఖల మధ్య సమన్వయం అన్నింటికన్నా పెద్ద చిక్కు. కట్ట నీటిపారుదల శాఖది, నడక దారి పురపాలికది, చేప మత్స్యశాఖది, శికం రెవెన్యూది. చేప ఒక్కటే ఏడాదిలో ఈ నాలుగు శాఖల హద్దులూ దాటి తిరుగుతుంది. కాబట్టి జిల్లా కలెక్టరు అధ్యక్షతన చెరువుల గొలుసుకో ప్రణాళిక ఉండాలి, మత్స్యకార సంఘాలకు అందులో సభ్యత్వం దక్కాలి. ఇకపై చెరువు మరమ్మతుకు వేసే ప్రతి అంచనాలో మూడు వివరాలు తప్పనిసరి చేయాలి: ఎండాకాలంలో మిగిలే లోతు ఎంత, మెల్లగా వాలే ఒడ్డు ఎంత పొడవు, మత్తడి దగ్గర చేపకు దారి ఉందా లేదా. ఈ మూడూ లేని అంచనాకు నిధులు ఇవ్వకూడదు. నీళ్లు తేవడానికి, జలాశయాల కోసం ఈ జిల్లా వేల ఎకరాలు వదులుకుంది, ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసింది. ఆ త్యాగంతో వచ్చిన నీటిలో తనంతట తానే పుట్టి పెరిగే చేప ఉండాలని కోరడం అత్యాశ కాదు, ఊళ్లు వదిలిన కుటుంబాలకూ మత్స్యకారులకూ మనం చెల్లించాల్సిన కనీస బాకీ.